తప్పని కొలత: ఉద్యోగం, ఫోను, ప్రయాణాల మధ్య నిత్యపూజ నిలబెట్టుకునే పద్ధతి

కార్తీక మాసం రాగానే చాలా ఇళ్లలో ఒక నిర్ణయం జరుగుతుంది. రేపటి నుంచి నాలుగింటికే లేచి విష్ణు సహస్రనామం, లలితా సహస్రనామం రెండూ చదవాలని. మొదటి వారం ఉత్సాహంగానే గడుస్తుంది. తర్వాత ఆఫీసు పని రాత్రి పదకొండు దాటుతుంది, పిల్లవాడికి జ్వరం వస్తుంది, ఉన్నట్టుండి ఊరెళ్లాల్సి వస్తుంది. ఒక రోజు తప్పుతుంది. ఆ బాధతో రెండో రోజు పూజ దగ్గర కూర్చోవడానికే మొహమాటంగా ఉంటుంది. నెల తిరిగేసరికి సాయంత్రం దీపం ఒక్కటే మిగులుతుంది, అదీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే.

భక్తి తగ్గి ఇలా జరిగిందని బాధపడతారు కానీ, చాలాసార్లు అసలు కారణం ముందుగా లెక్క చూసుకోకపోవడం. పూర్వపీఠిక, ఫలశ్రుతితో కలిపి నిదానంగా చదివితే ఒక్కో సహస్రనామానికి అరగంటకు పైనే పడుతుంది. రెండూ కలిస్తే గంట దాటుతుంది. గంట ఖాళీ లేని ఉదయంలో గంట పని పెట్టుకుంటే అది ఏదో ఒక రోజు ఆగక తప్పదు. అందుకే ఈ పద్ధతి చిన్న కొలతతో మొదలవుతుంది. ఇది ఫలానా దేవుడికే అని కాదు. మీ ఇలవేల్పు ఎవరైతే వారికి వర్తిస్తుంది.

ముందు కొలత

జ్వరం వచ్చిన రోజు, రైల్లో ఉన్న రోజు, ఇంటినిండా చుట్టాలున్న రోజు కూడా ఏది చేయగలరో అదే మీ కనీస కొలత. చాలామందికి అది 108 నామాలు. అంతకంటే తక్కువైనా తప్పులేదు, 28 నామాలతో మొదలుపెట్టినా సరే.

సమయం ఎంత పడుతుందో తెలిసి ఉంటే నిర్ణయం గట్టిగా ఉంటుంది. ‘ఓం నమః శివాయ’ తొందరపడకుండా అంటే ఒక్కోటి రెండు మూడు సెకన్లు, అంటే ఒక మాల (108 సార్లు) నాలుగైదు నిమిషాలు. ‘శ్రీరామ జయరామ జయజయరామ’ ఐదారు నిమిషాలు. హరే కృష్ణ మహామంత్రం ఒక మాలకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. కృష్ణభక్తుల సంస్థ ఇస్కాన్‌లో దీక్ష తీసుకున్నవారు రోజుకు 16 మాలలు చేస్తారంటే సుమారు రెండు గంటలు కేటాయిస్తున్నారన్నమాట. వాళ్లను చూసి మొదటి రోజే 16 మాలలు పట్టుకోకండి.

రామకోటి రాసేవాళ్లు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. కోటి నామాలు రోజుకు 1000 చొప్పున రాస్తే 10,000 రోజులు, అంటే 27 ఏళ్లు దాటుతుంది. రోజుకు 108 రాసేవారికి లక్ష నామాలు రెండున్నరేళ్లలో పూర్తవుతాయి. అలాంటివారు లక్షను గమ్యంగా పెట్టుకోవడమే మేలు. ఒక లక్ష పూర్తయిన పుస్తకం చేతిలో ఉంటే రెండో లక్షకు ఎవరూ ప్రోత్సహించనక్కర్లేదు.

కనీస కొలత ఒకటి, మామూలు రోజు కొలత ఒకటి. మామూలు రోజుకు 20 నిమిషాలు పెట్టుకోండి: దీపం, పంచోపచార పూజకు ఎనిమిది, జపానికి ఆరు, శ్లోకానికో పద్యానికో మూడు, ఊరికే కూర్చోవడానికి మూడు. ఈ చివరి మూడు నిమిషాలనే అందరూ కోసేస్తారు. కోయకండి. పూజ అయిన మరుక్షణం లేచి పరుగెడితే అప్పటిదాకా కుదిరిన మనసు అక్కడే చెదిరిపోతుంది.

చోటు

విడిగా పూజ గది లేని ఫ్లాటులో వంటింటి అలమరలో ఒక అర చాలు. తూర్పు ముఖంగానో ఉత్తర ముఖంగానో కూర్చునే వీలుంటే మంచిది. కుదరకపోతే ఆ కారణంతో వాయిదా వేయకండి.

పటాలు తగ్గించండి. వెళ్లిన ప్రతి క్షేత్రం నుంచి ఒక పటం, పెళ్లిళ్లలో ఇచ్చిన వెండి రేకుల ఫొటోలు, క్యాలెండరు బొమ్మలు అన్నీ చేరి పూజ అర కిక్కిరిసిపోతుంది. అన్నింటికీ బొట్టు పెట్టి పువ్వు పెట్టేసరికే పది నిమిషాలు అయిపోతుంది, మనసు ఎవరిమీదా నిలవదు. మధ్యలో ఇష్టదైవం, పక్కన వినాయకుడు, ఇలవేల్పు ఉంటే చాలు. మిగతావి ఇంట్లో వేరే గోడల మీద గౌరవంగా పెట్టుకోవచ్చు.

ఒక చాప లేదా పీట, పంచపాత్ర, ఉద్ధరిణి, కుంది, వత్తులు, నూనె, అగ్గిపెట్టె, గంధం, అక్షతలు, అగరవత్తులు అన్నీ చేతికందే దూరంలో ఉండాలి. పూజ మధ్యలో అగ్గిపెట్టె కోసం లేస్తే దారిలో ఫోను కనిపిస్తుంది. వారానికి సరిపడా వత్తులు ఆదివారమే చేసి డబ్బాలో పెట్టుకుంటే రోజుకు రెండు నిమిషాలు మిగులుతాయి.

ఫోను ఎక్కడ ఉండాలి

ఉదయం పూజను దెబ్బతీసేది చాలా ఇళ్లలో అలారమే. అలారం ఫోనులో ఉంటుంది, దాన్ని ఆపడానికి ఫోను పట్టుకుంటాం, తెర మీద పది సందేశాలు కనిపిస్తాయి, పడక మీదే అరగంట పోతుంది. ఆ తర్వాత స్నానం చేసి కూర్చున్నా చదివిన వార్తలే కళ్ల ముందు తిరుగుతుంటాయి. అలారానికి ఒక చిన్న టేబుల్ గడియారం కొనండి. రాత్రి ఫోను హాల్లో చార్జింగుకు పెట్టండి. ఊళ్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేక ఏ వేళనైనా కబురు వచ్చే పరిస్థితి ఉంటే, వాళ్ల నంబర్లకు మాత్రం రింగు వినిపించేలా పెట్టి మిగతావన్నీ మూగపరచండి. లేచినప్పటి నుంచి పూజ అయ్యేదాకా తెర చూడకూడదన్నది ఒక్కటే నియమం.

స్తోత్రం ఫోనులో చూసి చదివే అలవాటు మానుకోండి. మధ్యలో ఒక సందేశం జారి కిందికి వస్తే కన్ను అటు పోతుంది. పెద్ద అక్షరాల పుస్తకం కొనుక్కోండి, లేదా కావలసిన స్తోత్రం అచ్చు తీయించి ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. పాట పెట్టుకుని దానితో పాటు చదివేవాళ్లు ముందే డౌన్‌లోడ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో వాడాలి. లేకపోతే స్తోత్రం మధ్యలో ప్రకటన మోగుతుంది.

టీవీలో సుప్రభాతం మోగుతుండగా వంట చేయడం ఇంటికి శోభ. అది శ్రవణం, మంచిదే. కానీ మీ కొలతలో దాన్ని లెక్కవేయకండి. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే దేవుడి బొమ్మల సంగతీ అంతే. వాటిని తొలగించడం అపచారమేమోనని భయపడి ఫోను నింపుకునేవాళ్లు ఉన్నారు. అపచారం ఏమీ కాదు, తొలగించవచ్చు. ‘పదిమందికి పంపకపోతే కీడు’ అని వచ్చేవాటిని చదవకుండానే తీసేయండి. భయపెట్టి పంపించేదానికి భక్తితో సంబంధం లేదు.

ఎనిమిది నిమిషాల పూజ

స్నానం చేసి, నిన్నటి నిర్మాల్యం (వాడిన పూలు) తీసి, పటాలను పొడిగుడ్డతో తుడవండి. కుందిలో రెండు చెంచాల నువ్వుల నూనె లేదా ఆవు నెయ్యి పోసి, రెండు వత్తులు జతగా వేసి వెలిగించండి. ఒంటి వత్తి వేయకపోవడం మన ఇళ్లలో ఆచారం. నూనె మరీ ఎక్కువ పోస్తే మీరు ఆఫీసుకు బయల్దేరే వేళకు కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఎవరూ లేని ఇంట్లో దీపం వదిలి వెళ్లకండి. కొండెక్కించే వెళ్లండి, పువ్వుతో అదిమి కొండెక్కించడం పెద్దలు చెప్పిన పద్ధతి.

ఆచమనం చేసి, మనసులో సంకల్పం చెప్పుకోండి. దేశకాలాలతో పూర్తి సంకల్పం రాకపోతే ‘మమ ఉపాత్త సమస్త దురితక్షయ ద్వారా శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం’ అన్నంతవరకు చెప్పుకున్నా సరిపోతుంది. అదీ రాకపోతే తెలుగులో చెప్పుకోండి.

తర్వాత ఐదు ఉపచారాలు వరుసగా: గంధం సమర్పయామి, పుష్పైః పూజయామి, ధూపమాఘ్రాపయామి, దీపం దర్శయామి, నైవేద్యం సమర్పయామి. ప్రతిదానికి ముందు మీ దైవం పేరు, ‘శ్రీరామాయ నమః’ అనో ‘శ్రీ మహాలక్ష్మ్యై నమః’ అనో. పూలు దొరకని రోజు అక్షతలతో చేయవచ్చు. నైవేద్యానికి బెల్లం ముక్కో అరటిపండో చాలు. ఆకైనా పువ్వైనా పండైనా నీళ్లైనా భక్తితో ఇస్తే స్వీకరిస్తానని గీత తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడి మాట ఉంది కాబట్టి, పులిహోర చేయలేకపోయామని నైవేద్యమే మానేయడంలో అర్థం లేదు. షోడశోపచారాలు, అంటే పదహారు, పండుగలకు, సెలవులకు ఉంచుకోండి.

అమెరికాలోనో యూరప్‌లోనో అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువారికి ఒక జాగ్రత్త. కర్పూరం, అగరవత్తుల పొగకు స్మోక్ అలారం మోగుతుంది. అలారం మీద కవరు చుట్టడం చట్టరీత్యా, ప్రాణం రీత్యా కూడా తప్పు. చిన్న నేతి దీపం పెట్టుకుని, ధూపం బదులు అక్షతలు సమర్పించండి. మంట అసలే వెలిగించనివ్వని హాస్టళ్లలో విద్యుత్తు దీపం పెట్టుకున్నా పూజ పూజే. ఇంకోటి, ఇండియా క్యాలెండరు చూసి ఏకాదశి చేయకండి. తిథి మీ ఊరి సూర్యోదయాన్ని బట్టి మారుతుంది, మీ నగరానికి గణించిన పంచాంగం చూసుకోవాలి.

జపం

మాలలో 108 పూసలు, పైన మేరువు అనే విడి పూస ఒకటి. విష్ణుభక్తులు తులసి, శివభక్తులు రుద్రాక్ష, అమ్మవారి ఉపాసకులు స్ఫటికం వాడటం పరిపాటి. కుడిచేతి మధ్యవేలి మీద మాల ఉంచి బొటనవేలితో ఒక్కో పూస లోపలికి జరపాలి. చూపుడువేలు తగలనివ్వరు. మేరువు దాటకుండా మాల తిప్పుకుని తిరిగి మొదలుపెట్టాలి. జపమాల, మెడలో వేసుకునే మాల వేరువేరుగా ఉండాలి.

పెదవులు కదిలీ కదలనట్టు, పక్కవారికి వినపడకుండా చేసేది ఉపాంశువు. మొదలుపెట్టేవారికి ఇదే అనువైనది. మనసులో చేసే జపం గొప్పదని శాస్త్రం చెబుతుంది కానీ, అలవాటు లేనివారికి పది నామాలకే ఆలోచనల్లో కలిసిపోతుంది. ‘హ్రీం’, ‘శ్రీం’ లాంటి బీజాక్షరాలున్న మంత్రాలు గురువు ఉపదేశం లేకుండా వీడియో చూసి పట్టుకోకండి. రామ, కృష్ణ, శివ నామాలకు ఆ నిబంధన లేదు.

మాల లేనిచోట వేళ్లు చాలు. నాలుగు వేళ్లకు 12 కణుపులు, బొటనవేలితో తొమ్మిది చుట్లు లెక్కిస్తే 108. మెట్రోలో, బస్సులో, ఆసుపత్రి వరండాలో ఎవరికీ తెలియకుండా కనీస కొలత పూర్తవుతుంది. ఫోనులో నొక్కే జప కౌంటరు మాత్రం వద్దు, కారణం పైన చెప్పిందే.

మనసు పరుగెత్తినప్పుడు

ఇది లోపమని కుంగిపోకండి. మనసు చంచలమని, పట్టడం కష్టమని గీతలో అర్జునుడంతటివాడే అన్నాడు. కృష్ణుడూ కాదనలేదు, అభ్యాసంతో, వైరాగ్యంతో చిక్కుతుందన్నాడు. ఎక్కడికి పోతే అక్కడి నుంచి వెనక్కి తీసుకురావడమే అక్కడ చెప్పిన పని. కాబట్టి నలభయ్యో పూస దగ్గర మనసు పోయిందని తెలిస్తే నలభై ఒకటి నుంచి కొనసాగించండి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెడితే జపం శిక్షలా తయారవుతుంది, పది రోజుల్లో మానేస్తారు.

ఎందుకు పోతుందో కనిపెడితే మందు సులభం. చేయాల్సిన పనులు గుర్తొస్తుంటే పీట పక్కన ఒక చీటీ, పెన్సిలు పెట్టుకోండి. ‘కరెంటు బిల్లు’ అని ఒక్క మాట రాసి తిరిగి జపంలోకి రండి. మరిచిపోతామేమోనన్న భయం పోతే ఆ ఆలోచన మళ్లీ రాదు. తూగు వస్తుంటే కళ్లు సగం తెరిచి, దీపాన్ని చూస్తూ, పైకి వినపడేలా అనండి. అయినా ఆగకపోతే నిలబడి చేయండి. రాత్రి తొమ్మిదిన్నరకు కడుపునిండా తిని పన్నెండుకు పడుకునేవారికి ఈ తూగు పూజ గదిలో తీరేది కాదు, భోజనం వేళ మార్చుకోవాలి.

మూడో కారణం కనిపెట్టడం కష్టం. ఏళ్ల తరబడి చదివిన స్తోత్రం నాలుక మీద తనంతట తానే నడిచిపోతుంది, మనసు దానితో పనిలేకుండా తిరుగుతుంటుంది. ఇక్కడ వేగం తగ్గించడం మొదటి పని. రెండోది అర్థం. వారానికి ఒక్క శ్లోకం తీసుకుని ప్రతిపదార్థం చూసి, ఆ వారమంతా ఆ శ్లోకం దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగండి. ఏడాదికి యాభై శ్లోకాలు కొత్తగా కళ్లు తెరుస్తాయి.

రెండు మూడు నెలల తర్వాత ఏ ఆనందమూ లేకుండా పొడిగా అనిపించే రోజులు వస్తాయి. అప్పుడే ‘ఈ మంత్రం పదకొండు రోజులు చదివితే అప్పులు తీరతాయి’ లాంటి వీడియోలు ఎక్కువ ఆకర్షిస్తాయి. స్తోత్రం మార్చకండి, దైవాన్ని మార్చకండి. పూజను కనీస కొలతకు తగ్గించుకుని అయినా సరే, అదే చోట, అదే వేళకు కూర్చోండి.

పగటి పూట

‘అన్ని వేళలా నన్ను స్మరించు, యుద్ధమూ చెయ్యి’ అన్న గీతావాక్యం ఉద్యోగస్తులకే చెప్పినట్టు ఉంటుంది. రోజంతా గుర్తుంచుకోవాలనుకుంటే ఒక్కసారీ గుర్తు రాదు. మూడు గుర్తులు ఎంచుకోండి, మూడే: లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు, మీటింగు మొదలయ్యే ముందు. ఆ మూడు చోట్లా మూడుసార్లు నామం. బండి నడుపుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని స్తోత్రం వినడం ప్రమాదం, ఆ పని చేయకండి. భోజనానికి ముందు ‘బ్రహ్మార్పణం’ శ్లోకం పది సెకన్లు, క్యాంటీన్లో కూడా మనసులో అనుకోవచ్చు. పడుకునే ముందు ‘కాయేన వాచా’ శ్లోకం చెప్పి ఆ రోజు చేసిందంతా అర్పించండి.

రాత్రి షిఫ్టులవారికి తెల్లవారుజాము నియమం కుదరదు. వాళ్లు వేళను గడియారానికి కాకుండా స్నానానికి ముడిపెట్టుకోవాలి: ఏ వేళకు లేచినా, స్నానం కాగానే పూజ. సాయంత్రం దీపం ఇంట్లో మరొకరు పెట్టవచ్చు.

ప్రవచనాలు వినడం గొప్ప అలవాటే. అయితే రోజుకు గంట విని ఐదు నిమిషాలైనా సొంతంగా కూర్చోనివారు చాలామంది. ముందు మీ కొలత, తర్వాతే ప్రవచనం. చదవడం మొదలుపెట్టేవారికి గీతలో పన్నెండో అధ్యాయం, భక్తియోగం, ఇరవై శ్లోకాలే. రోజుకొకటి చొప్పున మూడు వారాల్లో అయిపోతుంది. మొత్తం 700 శ్లోకాలు రోజుకు రెండు చొప్పున ఏడాదిలోపే పూర్తవుతాయి. సంస్కృతం బరువనిపిస్తే పోతన భాగవతంలో గజేంద్ర మోక్షం పద్యాలు రోజుకొకటి.

తప్పిన రోజు

తప్పితే మర్నాడు రెట్టింపు చేయకండి. రెట్టింపు బాకీ మూడో రోజుకు మూడింతలవుతుంది, దాన్ని చూసి భయపడి మొత్తం వదిలేస్తారు. మర్నాడు కనీస కొలత చేసి, ఆ మర్నాటి నుంచి మామూలు క్రమంలోకి రండి. మైల రోజుల్లో, ఇంటి ఆచారం ప్రకారం పూజ గదికి దూరంగా ఉండే రోజుల్లో దీపం, పూజ ఆగుతాయి. నామస్మరణకు ఆ అడ్డు లేదు, మాల పట్టకుండా మనసులో సాగించవచ్చు. ఏకాదశి ఉపవాసం మధుమేహం ఉన్నవారు, గర్భిణులు డాక్టరు మాట కాదని చేయకూడదు. వాళ్లు ఆ రోజు ఆహారం మానే బదులు వినోదపు తెరలు మానేయవచ్చు. నెలకు రెండుసార్లు, తేలికేమీ కాదు.

పిల్లలను పక్కన కూర్చోబెట్టి అరగంట కదలొద్దంటే పూజ అంటేనే విసుగు పుడుతుంది. వాళ్లకో పని అప్పగించండి: పువ్వు పెట్టడం, గంట కొట్టడం, హారతి అద్దడం, ఒక శ్లోకం చెప్పడం. మీరు జపం చేస్తూ మధ్యలో వాళ్లను గదమాయిస్తే వాళ్లకు గుర్తుండేది గదమాయింపే.

ఎప్పుడు పెంచాలి

నలభై రోజులు కనీస కొలత తప్పకుండా జరిగాక ఒక్కటి మాత్రమే పెంచండి, మాల అయినా శ్లోకమైనా. ఇంకో నలభై రోజులు చూశాక మరొకటి. మధ్యలో ఎక్కువ చేయాలన్న ఉత్సాహం వస్తే దానికి మాసాలున్నాయి. శరన్నవరాత్రులు తొమ్మిది రోజులు, కార్తీకం నెల, డిసెంబరు మధ్య నుంచి ధనుర్మాసం. ధనుర్మాసం ఉద్యోగస్తులకు బాగా నప్పుతుంది: గోదాదేవి తమిళంలో పాడిన తిరుప్పావైలో 30 పాశురాలు (పద్యాలు), రోజుకొకటి, అర్థంతో కలిపి పది నిమిషాలు. ఆ నెల పది నిమిషాలు ముందు లేవండి, కుదిరిన రోజు దగ్గర్లోని గుడికి వెళ్లి అక్కడి పొంగలి ప్రసాదం తెచ్చుకోండి. భోగి నాడు గోదా కల్యాణంతో ఆ వ్రతం ముగుస్తుంది. సంక్రాంతి నుంచి తిరిగి మీ పాత ఇరవై నిమిషాలకే వచ్చేయండి, పెంచిన పది నిమిషాలు నిలుపుకోగలరో లేదో ఫిబ్రవరిలో చూసుకోవచ్చు.